మూతి నలుపు, అడుగు ఎరుపు

నాంపల్లి పబ్లిక్ గార్డెన్స్‌లోని పురావస్తు మ్యూజియానికి పిల్లల్ని వెంటబెట్టుకుని వచ్చేవాళ్లు మొదట అడిగేది ఈజిప్టు మమ్మీ ఎక్కడుందనే. నేనూ చిన్నప్పుడు అంతే. మమ్మీని చూసి, రాత్రి నిద్రపట్టక అమ్మ పక్కన చేరినవాణ్ణే. కుండలున్న గదిలో ఎవరూ ఆగరు. ఇంట్లో ఉన్నవాటిని టికెట్ కొని చూడడమేమిటని కాబోలు.

నలభై దాటాక ఒక మధ్యాహ్నం ఎండకు తాళలేక లోపలికి వెళ్లి, ఆ గదిలో ఆగాను. అద్దాల వెనక ఒక చిన్న గిన్నె. అడుగు సగం ఇటుక ఎరుపు, పై సగం, లోపలంతా కాటుక నలుపు. రెండు రంగులూ కలిసేచోట గీత గీసినట్టు లేదు. సాయంత్రం చీకటిపడినట్టు ఒకదాంట్లోకి ఒకటి జారిపోయింది. బృహత్ శిలాయుగం నాటి పాత్రలివి, అంటే మన ప్రాంతంలో ఇనుము వాడకం మొదలైన కాలానివి. పల్లెల్లో రాకాసి గుళ్లని పిలిచే ఆ పెద్ద బండల సమాధుల్లో ఎముకలతో పాటు ఇలాంటివి దొరుకుతాయి. మౌలాలి దగ్గరా, గచ్చిబౌలి వైపు విశ్వవిద్యాలయం ఆవరణలోనూ అలాంటి సమాధులున్నాయి. హైదరాబాద్ అనే పేరు పుట్టడానికి రెండువేల ఏళ్ల ముందే ఇక్కడ వంట జరిగిందన్నమాట.

పై భాగానికి నల్లరంగు పూశారనుకున్నాను. ఆ పొరపాటు విలువ తర్వాత తెలిసింది.

అదే ఏడు అబిడ్స్‌లో ఒక దుకాణంలో మట్టి వంటపాత్ర కొన్నాను. ఏ దుకాణమో అనవసరం. నల్లగా, నూనె రాసినట్టు నిగనిగలాడుతోంది. చేపల పులుసుకు భేషుగ్గా ఉంటుందన్నారు. మొదటి పులుసుకే చింతపండు రసం నల్లబడింది. రెండోసారి గ్యాస్ మంట పెద్దది చేస్తే అడుగున టక్‌మని చప్పుడైంది. పులుసంతా బర్నర్ మీద. ఆ పెంకు చేత్తో పట్టుకుని, వేసవిలో నాంపల్లి రోడ్డు పక్క రంజన్లు, అంటే నీళ్ల కుండలు, పేర్చుకుని అమ్మే పెద్దాయన దగ్గరికి వెళ్లాను. ఏటా ఆయన దగ్గరే రంజన్ కొంటాం. పెంకు అందుకుని, గోటితో గీకి, వాసన చూసి నవ్వాడు.

"గిది రంగు సారూ. మాది పొగ."

ఆ మాట పట్టుకునే వాళ్ల ఊరు వెళ్లాను. సంగారెడ్డి దారిలో ఉంది. ఊరి పేరూ, వాళ్ల పేర్లూ రాయొద్దన్నారు కాబట్టి రాయడం లేదు. పెద్దాయన కుండలు, గురుగులు, రంజన్లు చేస్తాడు. కొడుకు కొన్నాళ్లు నగరంలో డ్రైవింగ్ చేసి వెనక్కి వచ్చేశాడు. ఇప్పుడు మ్యూజియంలో నేను చూసిన ఆ రెండు రంగుల పాత్రనే వంటకు పనికొచ్చేలా చేస్తున్నాడు. తాతల నాటి కుండే. కాకపోతే తాతకు తెలిసిన పొగ మధ్యలో రెండు తరాలు ఎవరికీ అక్కరలేకపోయింది. అల్యూమినియం వచ్చింది, తర్వాత స్టీలు, ఆ తర్వాత నాన్‌స్టిక్. కుమ్మరి ఇంటికి జనం పోవడం పెళ్లిలో ఐరేని కుండలకూ, బోనాలకూ, దీపావళి ప్రమిదలకూ, చావుకూ మాత్రమే మిగిలింది.

పని మట్టితో కాదు, చెరువుతో మొదలవుతుంది. ఏప్రిల్, మే నెలల్లో చెరువు ఎండి నెర్రెలు విచ్చాకే తవ్వకం. పైపొరను తీసి పక్కన పడేస్తారు. అందులో గడ్డివేళ్లు, నత్తగుల్లలు ఉంటాయి. వేళ్లతో పెద్ద ఇబ్బంది లేదు, కుండలు కాల్చే ఆవంలో కాలిపోతాయి. నత్తగుల్ల మాత్రం శత్రువు. అది సున్నం. కాలినప్పుడు కుండ గోడలో బుద్ధిగా కూర్చుంటుంది. కుండ బయటికొచ్చి నాలుగు రోజులు గాలి తగిలాక తేమ పీల్చి ఉబ్బుతుంది. కొన్నవాడి ఇంట్లో, ఏ తెల్లవారుజామునో, కుండ పైన రూపాయి బిళ్లంత పెచ్చు ఎగిరిపడుతుంది. గుంట మధ్యలో తెల్లటి చుక్క. "గా తెల్లచుక్క కనవడ్డదంటే మా పరువు పోయినట్టే" అన్నాడు కొడుకు.

కింది పొరలోని బంకమట్టి బూడిదరంగులో, వేళ్లకు సబ్బులా తగులుతుంది. చిటికెడు తీసుకుని నాలుక మీద పెట్టుకుని పళ్ల మధ్య నలుపుతాడు పెద్దాయన. కరకరలాడితే ఇసుక ఎక్కువ. పంటికి ఏమీ తెలియకుండా జారిపోతే బంక ఎక్కువ, ఆరేటప్పుడు చీలుతుంది. ఆ నాలుకే వాళ్ల ల్యాబు. మిషన్ కాకతీయ పేరుతో 2015 నుంచి చెరువుల పూడిక తీసినప్పుడు ఒండ్రుమట్టి ట్రాక్టర్లలో పొలాలకు పోయింది. రైతుకు మేలే. తమకు మాత్రం మంచి పొర ఎక్కడుందో మళ్లీ వెతుక్కోవాల్సి వచ్చిందని వీళ్ల మాట. ఇక నగరం మధ్యలో ఉన్నవాళ్లకు ఆ వెతుకులాట కూడా లేదు. నాంపల్లికి కూతవేటు దూరంలో ఉన్న మాసబ్ ట్యాంక్ ఒకప్పుడు మా సాహెబా చెరువు. ఇప్పుడక్కడ ఫ్లైఓవర్ ఉంది, పేరులో ట్యాంక్ ఉంది. నీళ్లూ లేవు, మన్నూ లేదు.

తెచ్చిన మట్టిని ఎండబెట్టి, కర్రతో చితక్కొట్టి, గుంటలో నానబెడతారు. ఆరిన మట్టికే నీళ్లు బాగా పడతాయి. పచ్చిగడ్డను నానబెడితే పైన బురదై లోపల గట్టిగానే ఉండిపోతుంది. రెండు రోజుల తర్వాత పలచటి అంబలిలా కలిపి జల్లెడ పట్టి, పాత చీరె మీద వడగట్టి ఆరేస్తారు. ఈ పనంతా ఇంటి ఆడవాళ్లదే. పెద్దాయన భార్య మోచేతులదాకా మట్టితో, నా వైపు తిరిగి కూడా చూడకుండా పని చేసుకుపోతోంది. అమ్మేటప్పుడు పెద్దాయన పక్కన ఎండలో కూర్చునేదీ ఆమే. కుండలు తిప్పే సారెను మాత్రం మగవాళ్లే ముట్టాలన్న కట్టుబాటు చాలాచోట్ల ఉంది. నాకైతే అందులో న్యాయం కనపడలేదు. ఖాదీ గ్రామోద్యోగ కమిషన్ 2018లో కుమ్హార్ సశక్తీకరణ్ పథకం కింద కరెంటు సారెలు ఇస్తూ శిక్షణ మొదలుపెట్టాక కొన్నిచోట్ల ఆడవాళ్లు కూడా సారె ముందు కూర్చుంటున్నారు. ఈ ఇంట్లో కోడలు గురుగులు తిప్పడం నేర్చుకుంది. మామగారు చూడనట్టు నటిస్తాడట.

ఇప్పుడు అసలు కిటుకు. నీళ్ల కుండకూ వంట కుండకూ మట్టి ఒకటి కాదు. నేను నలభై ఏళ్లు రెండూ ఒకటే అనుకున్నాను.

నీళ్ల కుండ చెమర్చాలి. అందుకని వడగట్టిన మట్టిలో సన్నటి వరిపొట్టో, రంపపు పొట్టో కలుపుతారు. ఆవంలో పొట్టు కాలి బూడిదైతే అది ఉన్నచోట కంటికి కనపడని రంధ్రం మిగులుతుంది. ఆ దారుల్లోంచి నీరు పైకి ఊరి, గాలికి ఆవిరవుతుంది. ఒక గ్రాము నీరు ఆవిరి కావాలంటే సుమారు 580 కేలరీల వేడి కావాలి. ఆ వేడిని అది లోపలి నీళ్లనుంచే లాక్కుంటుంది. లెక్క వేస్తే, ఒక్క గ్రాము ఆవిరైతే 58 గ్రాముల నీరు 10 డిగ్రీలు చల్లబడాలి. గోడలోంచి బయటి వేడి వస్తూనే ఉంటుంది కాబట్టి అంత జరగదు గానీ, మే నెల పొడిగాలిలో నాంపల్లి రంజన్ నీళ్లు గొంతు దిగేటప్పుడు తెలుస్తుంది. అదే రంజన్ ఆగస్టులో ఎందుకు మొండికేస్తుందో కూడా ఇందులోనే ఉంది. గాలిలోనే తేమ ఉంటే చెమట ఎక్కడికి పోతుంది?

వంట కుండకు ఈ చెమట పనికిరాదు. దానికి కావలసింది మంటను ఓర్చుకునే గుణం. అడుగు వేడెక్కి ఉబ్బుతుంది, పై అంచు ఇంకా చల్లగా ఉంటుంది. రెంటి మధ్య లాగుడుకు చీలిక మొదలవుతుంది. మట్టి మరీ నున్నగా ఉంటే ఆ చీలిక అద్దంలో గీతలా ఈ కొసనుంచి ఆ కొసకు పరుగెడుతుంది. మధ్యలో ఇసుక రేణువులుంటే ఒకదానికి తగిలి ఆగిపోతుంది. అందుకని అటికకు, అంటే వంట కుండకు, వాగు ఇసుక జల్లించి కలుపుతారు. ఎంత? పెద్దాయన చేత్తో చూపించాడు: నాలుగు దోసిళ్ల మట్టికి ఒక దోసెడు. కొడుకు దాన్ని డబ్బాతో కొలిచి, నోటుబుక్కులో రాసుకుని, ఒక్కో పాళ్లకూ కుండ అడుగున గోటితో గుర్తు పెట్టి కాలుస్తున్నాడు. పగిలిన ప్రతి పెంకూ దాచాడు. గోడవారగా వరసలో పేర్చిన ఆ పెంకులే నాకు ఆ ఇంట్లో అన్నిటికన్నా నచ్చాయి. అబిడ్స్‌లో నేను కొన్నది ఎందుకు పగిలిందో అక్కడ అర్థమైంది. అది నీళ్ల కుండ మట్టితో చేసిన వంట కుండ, పైన పెయింట్.

మట్టి గుణం చూసి కుండ చేసేవాళ్లు ఇంకోచోటా ఉన్నారు. జపాన్‌లో మియె రాష్ట్రంలో ఇగా అనే ఊరుంది. అక్కడి మట్టి ఒకప్పటి బీవా సరస్సు అడుగు. లక్షల ఏళ్ల కిందట అందులో కూరుకుపోయిన చెట్టూ చేమా ఇంకా మట్టిలో ఉంటాయి. కాల్చినప్పుడు అవి కాలిపోయి గోడంతా రంధ్రాలవుతుంది. మనవాళ్లు పొట్టు కలిపి తెచ్చుకునే గుణం అక్కడ సరస్సే ఇచ్చింది. ఆ మట్టితో దొనబే అనే వంటకుండలు చేయడం ఇగావాళ్లకు తరతరాల పని. 1832లో మొదలైన నగతాని-ఎన్ అనే కుమ్మరి కుటుంబం కరెంటు కుక్కర్ల కాలంలో ఏం చేయాలో ఆలోచించి, అడుగు మందంగా చేసి రెండు మూతలు పెట్టి, మంట తగ్గించనవసరం లేకుండా అన్నం వండే కుండను 2000లో తెచ్చింది. పేరు కమాడో-సాన్. కమాడో అంటే పొయ్యి, సాన్ అంటే గారు. పొయ్యిగారు! మన ఇళ్లలో పొయ్యికి బొట్టుపెట్టే అలవాటు ఉన్నవాళ్లకు ఈ గారు వింతగా అనిపించదు. ఆ కుటుంబం కొత్త రంగుల జోలికి పోలేదు. మట్టి చేయగలిగిన పనేమిటో చూసి దానికి తగ్గ ఆకారం వెతికింది. ఈ సంగతి చెబితే కొడుకు అడిగిన మొదటి ప్రశ్న: "అడుగు ఎన్ని వేళ్ల మందం?"

ఇసుక కలిపిన మట్టిని నేల మీద పరిచి కాళ్లతో తొక్కుతారు. మడమతో మధ్యనుంచి అంచుకు, మళ్లీ అంచునుంచి మధ్యకు, చక్రంలా. మెషీన్‌తోనూ కలపవచ్చు, పథకంలో అదీ ఇస్తున్నారు. కానీ రాయి ముక్క ఉంటే అరికాలికే తెలుస్తుందంటాడు పెద్దాయన. తొక్కిన మట్టిని తడిగుడ్డ కప్పి ఒక రాత్రి ఉంచి, పొద్దున చేతులతో పిసికి గాలి బుడగలు పోగొట్టి, ముద్ద చేసి సారె మీద కొడతారు.

సారె మీది పని చూసేవాడికి మంత్రం, చేసేవాడికి మొత్తం పనిలో చిన్న వాటా. ముద్ద నడుమకు కుదరాలి, కుదరకపోతే చేతులు ఊగుతాయి. బొటనవేళ్లు దిగుతాయి, గోడ లేస్తుంది, మెడ సన్నబడుతుంది, తడిగుడ్డతో అంచు మడత. మూడు నిమిషాలు పట్టిందేమో. కిందికి దారం లాగి కోసి తీశాడు. వచ్చింది కుండ కాదు. మెడ, అంచు చక్కగా ఉన్నాయి గానీ ఒళ్లు బొటనవేలంత మందం, అడుగు తెరుచుకునే ఉంది. గుండ్రటి అడుగున్న కుండ సారె మీద పుట్టదు. ఈ సంగతి సినిమాల్లో చూపించరు.

గుండ్రనం చెక్కదెబ్బతో వస్తుంది. ఆ పచ్చికుండను నీడలో ఒక పూట ఆరనిస్తారు. వేలితో నొక్కితే అచ్చు పడాలి గానీ అంటుకోకూడదు, ఆ పదును రావాలి. ఎడమచేత్తో గుండ్రటి నున్నటి రాయి లోపల పట్టుకుంటాడు, అంటకుండా దానికి బూడిద అద్దుతాడు. కుడిచేత్తో బయటనుంచి చెక్కతో కొడతాడు. రాయీ చెక్కా గోడకు రెండువైపులా ఒకేచోట కలుసుకోవాలి. చూడకుండానే కలుసుకుంటాయి. దెబ్బ దెబ్బకూ మట్టి పలచబడి సాగుతుంది, కుండ ఒళ్లు నిండుతుంది, తెరిచి ఉన్న అడుగు కొంచెం కొంచెంగా మూసుకుంటుంది. ఒక్క విడతలో కాదు. కొట్టి ఆరబెట్టి, మర్నాడు మళ్లీ కొట్టాలి. మొదట్లో దెబ్బ మొద్దుగా 'దబ్ దబ్' అంటుంది. గోడ పలచబడేకొద్దీ 'టప్ టప్' అని తేలుతుంది. నేను పక్కన కూర్చుని కళ్లు మూసుకుని విన్నాను. చప్పుడు మారిన క్షణం పెద్దాయన చేయి ఆగింది. వేలితో కొలిస్తే అరసెంటీమీటరు కన్నా కాస్త ఎక్కువ. వంట కుండకు ఇంతకు మించి కొట్టడు. నీళ్ల కుండైతే ఇంకో విడత.

కొడుకు ఇక్కడ తండ్రి మాట కాస్త దాటాడు. మ్యూజియం గిన్నె గుండ్రటి అడుగుతోనే ఉంటుంది, మూడు రాళ్ల పొయ్యి మీద అదే నిలబడుతుంది. గ్యాస్ స్టవ్ మీద ఊగుతుంది. అడుగున అరచేతి వెడల్పు మేర కొద్దిగా చదును చేశాడు, అంచు మాత్రం గుండ్రంగానే ఉంచాడు. మూలలు తేలితే అక్కడే పగులుతుందట. తండ్రికి ఈ చదును నచ్చలేదు. "కూసున్న కుండ" అని ఎగతాళి చేస్తాడు. కొనేవాళ్లు మాత్రం కూసున్న కుండే అడుగుతున్నారు.

తర్వాత జాజు. ఎర్రమట్టిని నీళ్లలో కలిపి, తేరిన పలచటి పైనీటితో కుండంతా పూత. ఆరీ ఆరకముందు నున్నటి గులకరాయితో రుద్దాలి. ఒక్కో కుండకు అరగంట పైన పడుతుంది. రుద్దినచోటల్లా మట్టి రేణువులు పడుకుని మెరుపు వస్తుంది. ఇదీ ఆడవాళ్ల పనే. ఆ మెరుపు నూనెది కాదు, వార్నిష్‌ది కాదు, రాపిడిది. నీళ్లు కూడా అంత తేలిగ్గా ఇంకవు. పచ్చికుండలు నీడలో వారం రోజులు ఆరాలి. ఎండలో పెడితే ఒకవైపు ముందే ముడుచుకుని చీలిపోతుంది. ఆరేసరికి ఒళ్లంతా తగ్గుతుంది, మూత ఒక రోజు, కుండ ఇంకో రోజు చేస్తే రెండూ కలవవు.

ఇక ఆవం. నేను వెళ్లింది దీనికోసమే.

ఇటుకబట్టీ లాంటిది కాదు, గుండ్రంగా లోతు తక్కువ గుంట. అడుగున పిడకలు, ఎండుకట్టె. మామూలుగా కుండల్ని పక్కకు వాల్చి పేరుస్తారు, అన్నివైపులా గాలి ఆడి ఎర్రగా కాలతాయి. రెండు రంగులు కావాలంటే పేర్పు మారాలి. పిడకల మీద వరిపొట్టూ బూడిదా కలిపి జానెడు మందాన పరిచి, కుండల్ని బోర్లించి, మూతి ఆ పొట్టులో నాలుగు వేళ్ల లోతు దిగేలా గుచ్చాడు కొడుకు. గుచ్చి, చుట్టూ పొట్టు ఎగదోసి, అరచేత్తో అదిమాడు. ప్రతి కుండకూ అంతే. ఒక్కచోట సందు ఉన్నా గాలి దూరుతుంది. పైన కట్టె, పిడకలు, గడ్డి, ఆ పైన తడిమట్టి బూడిద మెత్తు, అక్కడక్కడ బొక్కలు.

మట్టిలో ఇనుముంది. తుప్పు ఎర్రగా ఉన్నట్టే, గాలి తగులుతూ కాలిన మట్టిలోని ఇనుము ఎర్రబడుతుంది. గాలి అందకపోతే ఆ ఇనుమే నల్లబడుతుంది, పైగా పొట్టు ఊపిరాడక కాలి వదిలిన మసి మట్టి రంధ్రాల్లోకి పోయి కూర్చుంటుంది. బోర్లించిన కుండ లోపలికీ, పొట్టులో మునిగిన మూతికీ గాలి లేదు, అవి నలుపు. బయటికి తేలిన అడుగుకు మంటా గాలీ ఉన్నాయి, అది ఎరుపు. పొట్టు మట్టం దగ్గర గాలి కొంచెం ఉందీ, కొంచెం లేదూ. మ్యూజియంలో నేను చూసిన ఆ సాయంత్రం చీకటి అక్కడిది. పాతకాలంవాళ్లు దీన్ని ఒక్క కాల్పులో చేశారా, రెండు కాల్పుల్లో చేశారా అని పండితులు వాదించుకున్నారు. కొడుకు ఒక్క కాల్పులోనే తీస్తున్నాడు.

పొద్దుగూకాక నిప్పు పెట్టారు. మొదటి మూడు గంటలూ కునుకు మంటే. బొక్కల్లోంచి వచ్చేది పొగ కాదు, తెల్లటి ఆవిరి. చెయ్యి పెడితే తడి. ఆరిందనుకున్న కుండలో ఇంకా నీరుంటుంది. మంట ఎగదోస్తే ఆ నీరు లోపలే ఆవిరై గోడను పేల్చేస్తుంది. స్టీలు గ్లాసు బొక్క మీద పట్టి, దానికి చెమ్మ పట్టకపోయేదాకా చూసి, అప్పుడు కట్టె వేశారు. అర్ధరాత్రికి బొక్కల్లోంచి ఎర్రటి వెలుగు. కుంపటి నిప్పులాంటి ముదురు ఎరుపు నుంచి నారింజకు తిరగబోయే రంగు. 700 నుంచి 800 డిగ్రీల మధ్య ఉంటుంది. దారిలో 573 డిగ్రీల దగ్గర ఇసుకలోని స్ఫటికం ఉన్నట్టుండి ఉబ్బుతుంది, చల్లారేటప్పుడు మళ్లీ అక్కడే ముడుచుకుంటుంది. ఎక్కేటప్పుడూ దిగేటప్పుడూ ఆ గడప నెమ్మదిగా దాటాలి. పెద్దాయనకు ఆ అంకె తెలియదు. "ఎర్రబడే ముంగట తొందరపెట్టకు, సల్లారేటప్పుడు తెరవకు" అని మాత్రం తెలుసు. రెండూ ఒకటే.

తెల్లవారుజామున బొక్కలన్నీ తడిమట్టితో మూసేశారు. ఇక ఒక పగలూ ఒక రాత్రీ ముట్టుకోవడం లేదు. ఆ ఖాళీలో కొడుకు నిద్రపోయాడు, పెద్దాయన రంజన్ల లెక్క చూసుకున్నాడు, నేను ఊరికే ఆవం చుట్టూ తిరిగాను. అక్కడికి దగ్గర్లోనే కొండాపూర్ ఉంది, శాతవాహనుల కాలపు ఊరు. నిజాం కాలంలో 1940 ప్రాంతంలో తవ్వితే నాణేలు, మట్టి పాత్రలు, తెల్లటి సుద్దమట్టితో చేసిన సన్నటి బొమ్మలు దొరికాయి. ఈ కుటుంబం తమను శాలివాహనులమని చెప్పుకుంటుంది, కుమ్మరి కులస్థుల్లో చాలామంది అలాగే చెప్పుకుంటారు. చరిత్రకారులు దానికి ఒప్పుకుంటారో లేదో గానీ, ఆ నేలలో రెండువేల ఏళ్లుగా సారె తిరుగుతున్న మాట మాత్రం నిజం.

ఆవం విప్పారు. ముందు బూడిద, తర్వాత వీపుల్లాంటి ఎర్రటి అడుగులు. మొదటి కుండ తీసి తిప్పి చూపించాడు. లోపల కాటుక. రెండోదానికి మూతి ఒకవైపు ఎర్రగా ఉంది, పొట్టు జారి గాలి దూరింది. మూడోది తీస్తుండగానే చేతిలో రెండైంది. పదింట్లో రెండు మూడు ఇలా పోతాయట. బాగున్నదాన్ని వేలి కణుపుతో తట్టాడు, కంచులా మోగింది. మూతి ఒకవైపు ఎర్రబడినదాన్ని పక్కన పెడుతుంటే అది నాకిమ్మన్నాను. తప్పుందని తక్కువ ధర చెప్పాడు, నాకు తప్పు కనపడలేదు.

తెచ్చుకున్నాక చేయాల్సింది ఇంకో మెట్టు, అది కొన్నవాడి వంతు. కుండను ఒక రోజంతా నీళ్లలో ముంచాలి. బుడగలు రావడం ఆగాక తీసి ఆరబెట్టి, బియ్యం కడిగిన కుడితినీళ్లో గంజో పోసి సన్నటి సెగ మీద మరిగించి, దానంతట అది చల్లారనివ్వాలి. గంజి పిండి రంధ్రాల్లోకి పోయి మూసుకుంటుంది. మా నాయనమ్మ కొత్త అటికకు ఇలాగే చేసేది, ఎందుకో చెప్పేది కాదు. ఇగాలో కొత్త దొనబేకు కూడా మొదట గంజిలాంటి జావే కాస్తారు. ఒకరి సంగతి ఒకరికి తెలియకుండానే రెండు ఊళ్ల ఆడవాళ్లు బియ్యం మీదే నమ్మకం పెట్టుకున్నారు. ఆ తర్వాత ఎప్పుడూ ఖాళీ కుండ మంట మీద పెట్టకూడదు, వేడికుండలో చన్నీళ్లు పోయకూడదు, సబ్బుతో తోమకూడదు. బూడిదో, శనగపిండో చాలు.

నా కుండలో ఇప్పటికి చాలాసార్లు పులుసు కాచాం. రసం నల్లబడలేదు. దించాక కూడా కాసేపు కుతకుతలాడుతుంది, కాబట్టి కాస్త ముందే పొయ్యి ఆపడం నేర్చుకున్నాం.

జనవరి ఒకటిన నాంపల్లిలో నుమాయిష్ ప్రదర్శన మొదలైతే ఖుర్జా పింగాణీ దుకాణాల దగ్గర జనం తోసుకుంటారు. ఆ నుమాయిష్ 1938లో పబ్లిక్ గార్డెన్స్‌లోనే, ఆ కుండల మ్యూజియం పక్కనే పుట్టి, 1946లో ఇప్పటి మైదానానికి మారింది. పింగాణీ కొనండి, బాగుంటుంది. నల్లటి మట్టిపాత్ర ఎక్కడ కనపడినా కొనేముందు మూడు పనులు చేయండి. తడిగుడ్డతో లోపల గట్టిగా తుడవండి, రంగు దిగితే అక్కడే పెట్టేయండి. కణుపుతో తట్టండి, మొద్దుగా పలికితే పగులు ఉన్నట్టు. వంటకా నీళ్లకా అని అడగండి, "దేనికైనా" అన్నారంటే దేనికీ కాదు. బేరం మీ ఇష్టం. ఆ అరగంట గులకరాయి రాపిడి గుర్తుంటే పెద్దగా ఆడబుద్ధి కాదు.

నాంపల్లి రోడ్డు పక్క పెద్దాయన మార్చినుంచి జూన్ మొదటి వానదాకా ఉంటాడు. నేల తడిస్తే ఆవం పెట్టరు. వంట కుండ కావాలంటే మే దాటకముందే చెప్పుకోవాలి, ఆ తర్వాత అడిగితే దసరా దాకా ఆగాల్సిందే.